రాత్రి స్తుతి, తెల్లారి నిలదీత

(పల్లె చర్చిలో యువజనుల కూడికలో చేసిన ప్రసంగం)



రోజూ దేవుణ్ణి స్తుతించడం, కృతజ్ఞత చెప్పడం గురించి మాట్లాడమన్నారు. మేం పాస్టర్లం కాదు, బడిపంతుళ్ళం. తెలిసినకాడికి చెప్తాం.

కృతజ్ఞత మన పల్లెకు ఎవరో కొత్తగా నేర్పక్కర్లేదు. అది చెప్పీ చెప్పీ మన తాతల నడుములు వంగిపోయినై. మా అయ్యలు పాలేరుతనం చేసేవాళ్ళు. ఏడాది చాకిరీకి కళ్ళంలో గింజలు కొలుస్తుంటే చేతులు కట్టుకుని "తమరి దయ" అనేవాళ్ళు. కొలతలో మోసం కళ్ళెదుట కనపడుతున్నా "తమరి దయే". అదే నోటితో రాత్రి ప్రార్థనలో "నీ దయ ప్రభువా" అనేవాళ్ళు. ఈ రెండు దయలూ ఒకటేనా? ఇది తేల్చుకోకుండా స్తుతి అలవాటు చేసుకుంటే బానిసతనమే మరింత అలవాటవుతుంది.

మన ముందుతరాలు కొంత తేల్చుకున్నాయి. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. కరువుకూటికి మతం మారారని ఎగతాళి చేసేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. బకింగ్‌హామ్ కాలువ పనితో కరువుసాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపింది మిషనరీ క్లౌ దొరే. చేరినవాళ్ళు చచ్చిన గొడ్డు మాంసం తినం అన్నారు, జాతరలకు వెట్టిగా డప్పు కొట్టం అన్నారు, ఆదివారం పనికి రాం అన్నారు. చూడండి, వారానికొకరోజు దేవుణ్ణి స్తుతించాలంటే ముందు ఆ రోజు ఆసామికి "రాం" అని చెప్పాలి. మన స్తుతి అక్కడ పుట్టింది. అందుకు వాళ్ళు వేధింపులు కూడా పడ్డారు.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చూడండి. పౌలును, సీలను ఫిలిప్పీలో విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి, కాళ్ళకు బొండ వేసి, చెరలో పడేశారు. అర్ధరాత్రి వాళ్ళు స్తుతిపాటలు పాడారు. భూకంపం వచ్చింది, తలుపులు తెరుచుకున్నై. ఇక్కడిదాకా అందరూ ప్రసంగిస్తారు. ఆ తర్వాత? తెల్లారి అధికారులు గుట్టుగా వెళ్ళిపొమ్మని కబురుపెడితే పౌలు కదల్లేదు. రోమా పౌరులమైన మమ్మల్ని బహిరంగంగా కొట్టించారు, కాబట్టి వాళ్ళే స్వయంగా రావాలని పట్టుబట్టాడు. అధికారులు భయపడి వచ్చి బతిమాలారు. రాత్రి స్తుతించిన నోరే తెల్లారి నిలదీసింది.

అదే పౌలు థెస్సలొనీక సంఘానికి, ఏ స్థితిలో ఉన్నా కృతజ్ఞత మానవద్దని రాశాడు. జరిగిన అన్యాయానికి కృతజ్ఞత చెప్పమనలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళను నరికినందుకు ఎవరైనా స్తోత్రం చెప్తారా? క్రైస్తవుడైతే ఎస్సీ కాదన్న 1950 రాష్ట్రపతి ఉత్తర్వుకు చెప్తామా? దాన్ని 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరించారు. మనకు సవరించలేదు. దేవుడికి మొర, ప్రభుత్వానికి అర్జీ, రెండూ పెట్టాల్సిందే. 1985 జులై 17 కారంచేడు దాడి నుంచి బతికి బయటపడ్డవాళ్ళు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ వచ్చింది.

ఇక రోజూ ఏం చేద్దాం? పొద్దున లేవగానే ఊపిరికి, ఒంట్లో సత్తువకు స్తోత్రం చెప్పండి. అన్నం ముందు దేవుడితోపాటు నాట్లేసిన అమ్మల్ని, కోతకోసిన చేతుల్ని తలచుకోండి. రాత్రి కుటుంబ ప్రార్థనలో పిల్లల్ని రెండు మాటలడగండి. ఈరోజు దేవుడు చేసిన మేలేంటి? ఈరోజు ఎవరికి అన్యాయం జరిగింది? మొదటిదానికి స్తోత్రం చెప్పి, రెండోదానికి రేపేం చేద్దామో మాట్లాడుకోండి. కీర్తనల గ్రంథంలో స్తుతీ మొరా పక్కపక్కనే ఉన్నై. మన ఇంటి ప్రార్థనలోనూ ఉండనివ్వండి.

కూలి చేతికొచ్చినప్పుడు లెక్క చూసుకుని "సరిపోయింది" అనండి, చాలు. తక్కువైతే అడగండి. దయ అనే మాట దేవుడి కోసం దాచుకుందాం.

జై భీమ్.