వార్త వెనుక కాగితం
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల గురించి ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు కనుక నేను ఆ జోలికి పోను. మన రీడింగ్ రూములో రోజూ ఉదయం జరిగే తగాదా గురించి రెండు మాటలు చెప్పదలచుకున్నాను. ఏ నాయకుడి మీదనైనా అవినీతి ఆరోపణ వచ్చిందంటే ఒకరు "పేపర్లో వేశారు కదండీ, ఊరికే వేస్తారా" అంటారు. మరొకరు "ఆ పేపరు ఎవరిదో మనకు తెలియదా" అంటారు. ఇద్దరూ పేపరు పేరు చూసి తీర్పు చెప్పేవారే. వార్త పూర్తిగా చదివినవారు తక్కువ.

మనం ఫైళ్ల మధ్య బతికిన వాళ్లం. ఫైలు వస్తే ఎవరు పంపారో చూస్తాం, కానీ అక్కడితో ఆగం. సంతకం ఉందా, తేదీ ఉందా, జతపరచామన్న కాగితాలు నిజంగా జతపరిచారా, అది అసలా నకలా అని చూస్తాం. వార్తనూ అలాగే చూడవచ్చునని నా మనవి.

బోఫోర్స్ వ్యవహారం మనలో చాలామందికి గుర్తే. 1986 మార్చిలో 410 ఫిరంగుల కొనుగోలుకు సుమారు 1,437 కోట్ల ఒప్పందం జరిగింది. 1987 ఏప్రిల్ 16న స్వీడిష్ రేడియో లంచాలు చేతులు మారాయని చెప్పింది. మన ప్రభుత్వం వెంటనే ఖండించింది. అప్పుడు లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షం తెలుగుదేశం. కాబట్టి మన ఆఫీసుల్లో ఎవరి పార్టీని బట్టి వారు నమ్మడమో, నమ్మకపోవడమో జరిగింది. నిజానికి ఆ రోజున రెండు వైపులా ఉన్నది మాట మాత్రమే. ఖండన కూడా ఒక వార్తే, ఆ ఖండించేవారికీ ఒక అవసరం ఉంటుంది.

జూన్‌లో స్వీడన్ దేశపు ఆడిట్ సంస్థ కమీషన్ల చెల్లింపు జరిగిందని నివేదిక ఇచ్చింది. 1988లో 'హిందూ' పత్రిక చిత్రా సుబ్రమణ్యం గారు సంపాదించిన పత్రాలను అచ్చు వేసింది. కంపెనీ బ్యాంకులకు ఇచ్చిన చెల్లింపు ఆదేశాలు అందులో ఉన్నాయి. ఇక్కడ వార్త స్థాయి మారింది. అయితే ఆ కాగితం ఏం చెప్పింది? కంపెనీ ఫలానా ఖాతాలకు డబ్బు పంపిందని చెప్పింది. ఆ డబ్బు చివరకు ఏ నాయకుడి జేబులో పడిందో చెప్పలేదు. చదివిన మనమే ఆ ఖాళీని మనకు నచ్చిన పేరుతో పూరించుకున్నాం.

ఇదే వ్యవహారంలో 1990లో స్వీడన్ పత్రిక ఒకటి బచ్చన్ కుటుంబం పేరు రాసింది. వారు లండన్‌లో దావా వేస్తే పత్రిక క్షమాపణ చెప్పుకున్నది. ఆ పత్రాలను బయటికిచ్చిన వ్యక్తి స్వీడన్ పోలీసు దర్యాప్తు అధికారి స్టెన్ లిండ్‌స్ట్రోమ్ అని లోకానికి తెలిసింది 2012లో. రాజీవ్ గాంధీ లంచం తీసుకున్నట్లు ఆధారం లేదనీ, అయితే విషయాన్ని కప్పిపుచ్చుతుంటే చూస్తూ ఊరుకున్నారనీ ఆయన చెప్పారు. బచ్చన్ పేరును మన దేశపు దర్యాప్తు అధికారులే ఆ పత్రికకు అందించారని కూడా చెప్పారు. చూడండి, ఒకే కుంభకోణం. పేరు చెప్పని మనిషి కాగితాలిస్తే అవి నిలిచాయి. హోదా ఉన్నవారు చెవిలో చెప్పిన మాట అబద్ధమైంది.

కోర్టు కొట్టివేసింది కనుక అంతా కట్టుకథే అనేవారికి ఒక మాట. 2005లో ఢిల్లీ హైకోర్టు హిందూజా సోదరులపై అభియోగాలు కొట్టివేయడానికి కారణాల్లో ఒకటి, దాఖలు చేసినవి ధ్రువీకరణ లేని జిరాక్స్ కాపీలు కావడం. ఇది మన సెక్షన్ సూపరింటెండెంట్లు మొదటి రోజే చెప్పి ఉండేవారు! మరోవంక, ఇన్‌కంటాక్స్ ట్రిబ్యునల్ విన్ చద్దా, క్వత్రోచీలకు కమీషన్ ముట్టిందనే నిర్ణయానికి వచ్చింది. అది వెలుగులోకి వచ్చింది 2011 జనవరిలో. ఆ మార్చిలోనే ఢిల్లీ కోర్టు క్వత్రోచీపై కేసు మూసివేతకు ఒప్పుకున్నది. శిక్ష పడకపోవడం వేరు, చెల్లింపు జరగకపోవడం వేరు.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. నాతో పనిచేసిన ఒక గుమాస్తా మీద లంచం కేసు పెట్టినప్పుడు ఫోటోతో సహా మొదటి పేజీలో వేశారు. ఏడేళ్ల తర్వాత కేసు కొట్టివేస్తే లోపలి పేజీలో నాలుగు లైన్లు. మధ్యలో కూతురి సంబంధం రెండుసార్లు తప్పిపోయింది. ఆయన ఆ నాలుగు లైన్లు కత్తిరించి పర్సులో పెట్టుకొని తిరిగేవారు, అడగనివారికి కూడా చూపించేవారు. పోయేవరకూ అంతే.

ఇప్పుడు పేపరు దాకా కూడా పోనక్కరలేదు. మనవడు నేర్పిన వాట్సాప్‌లో ఉదయం కాఫీ తాగేలోగా పది ఆరోపణలు వస్తాయి. తేదీ ఉండదు, పంపినవారికీ ఎవరు రాశారో తెలియదు. సంతకం లేని పిటిషను వస్తే మనం ఏం చేసేవాళ్లమో గుర్తు తెచ్చుకోండి. వెంటనే పది ఆఫీసులకు కాపీలు పంపామా?

కార్యదర్శి గారికి ఒక విన్నపం. రీడింగ్ రూములో రెండు పేపర్లు వస్తున్నాయి, రెండూ ఒకే వైపువి. వేరే వైపు పేపరు మరొకటి తెప్పించండి. దానికి చందా ఈ సంవత్సరం నేను కడతాను. పెద్ద ఆరోపణ వస్తే ఆ ముక్క తేదీ వేసి అట్టకు అంటించి ఉంచుదాం. తర్వాత ఏమైందో వచ్చినప్పుడు దాని కిందే అంటిద్దాం. గోందు సీసా కూడా నేనే తెస్తాను.