పాటల పెట్టె కొనేముందు



మా వేల్పూరు పసుపు పండే ఊరు. పసుపు కొమ్ము పై మెరుపు చూసి ఎవరూ ధర కట్టరు, విరిచి లోపలి రంగు చూస్తారు. జేబులో పట్టే పాటల ప్లేయరు కొనేటప్పుడు మాత్రం నాకీ బుద్ధి లేకపోయింది.

రేడియో ప్రసంగాలకని నెలకు రెండు మూడుసార్లు నిజామాబాదు బస్సెక్కుతాను. దారిలో మంచి సంగీతం వినాలని కోరిక. ఫోనుంది కదా అంటారేమో! ఉంది. పాట పట్టులో పడ్డ వేళకే చుట్టాలెవరో ఫోను చేస్తారు, సాయంత్రానికి చార్జింగూ మిగలదు. అందుకని నిరుడు చిట్టీ ఎత్తిన డబ్బుతో కాస్త ఖరీదైనదే తెచ్చుకున్నాను. దుకాణంలో నిశ్శబ్దంగా ఉంది గనుక బ్రహ్మాండంగా వినిపించింది. బస్సులో ఇంజను మోత తప్ప పాట లేదు. సౌండు పెంచాను, ఇంకా పెంచాను. దిగేసరికి చెవుల్లో కీచుమని ఒకటే రొద. ఆ సాయంత్రం అత్తమ్మ పక్కగదిలోంచి మూడుసార్లు పిలిచినా నాకు వినబడలేదు.

“నా చెవులే నీకూ వచ్చినయా బిడ్డా?” అన్నారావిడ. నవ్వాను గానీ లోపల భయం వేసింది.

తప్పు ప్లేయరుది కాదు, చెవిలో పెట్టుకునేదానిది. గట్టి ప్లాస్టిక్ ఇయర్‌ఫోను చెవికి అతకక బయటి మోతనంతా రానిచ్చింది. మెత్తని రబ్బరు మూతలున్నవి చిన్నా పెద్దా సైజుల్లో దొరుకుతాయి. మన చెవికి సరిపడేవి పెట్టుకుంటే మోత బాగా తగ్గి, తక్కువ సౌండుకే వీణ గమకం కూడా తెలుస్తుంది. పెద్దవాళ్ళు 80 డెసిబెళ్ళ సౌండు వారానికి 40 గంటలు వినవచ్చు, 90 అయితే 4 గంటలే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందుకే ముందు డబ్బు ఇక్కడ పెట్టండి.

ఆ తర్వాత చూడవలసింది పాట నకలు. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లుంటే, 128కి కుదించిన ఎంపీత్రీలో అందులో పదకొండో వంతే. పొట్టు తీసిన పప్పుకు మళ్ళీ పొట్టు రాదు, ఎంత ఖరీదైన ప్లేయరూ పోయినదాన్ని తేలేదు. 320 అయితే బస్సులో తేడా పట్టడం కష్టం. ఇంకా మేలైనది కావాలంటే ఫ్లాక్ నకలు. సీడీలో ఉన్నదేదీ పోకుండా సుమారు సగం చోటులో ఇముడుతుంది. 128 జీబీ కార్డులో మూడువందల గంటల పైనే పడుతుంది, అంత వినే తీరిక మనకెక్కడిది! 1957 నాటి మాయాబజార్ పాటలు ఒకే ఛానలులో రికార్డయినవి, వాటికి శుభ్రమైన నకలు చాలు.

ఇక ప్లేయరు సంగతి. మీకు కంఠతా వచ్చిన పాటను కార్డులో పట్టుకెళ్ళి దుకాణంలో వినండి. వెనక తంబూర శ్రుతి తక్కువ సౌండులోనూ వినబడాలి. తీగ పెట్టే రంధ్రమూ, సంచిలో చెయ్యి పెట్టి తడిమితే తెలిసే బొత్తాలూ ఉన్నవే తీసుకోండి. తీగ లేని బ్లూటూత్ సుఖమే గానీ, అది పాటను మళ్ళీ కుదించి పంపుతుంది.

1979లో వచ్చిన సోనీ వారి మొదటి వాక్‌మన్‌కు ఇద్దరు వినేందుకు రెండు రంధ్రాలుండేవి. ఒక బొత్తాం నొక్కితే పాట తగ్గి పక్కవాళ్ళ మాట వినబడేది. నా ప్లేయరుకు ఆ బొత్తాం లేదు. ఊరు దగ్గరపడగానే రెండూ తీసి సంచిలో పడేస్తాను, అత్తమ్మ గుమ్మంలోంచే పిలుస్తారు.