గంజాయి వద్దు, అడ్డగోలు కేసులూ వద్దు



ముందే ఒక మాట. గంజాయి సాగును నేను వెనకేసుకురావడం లేదు. మన కొండలకు చెడ్డపేరు తెచ్చింది, మన పిల్లల్ని జైలుకు పంపింది ఆ పంటే. 2021లో ‘పరివర్తన’ పేరుతో పాడేరు ఏజెన్సీలో పోలీసులు వేల ఎకరాల తోటలు నరికించి కాల్చారు. తోటలు పోయాయి. వాయిదాలకు తిరిగే కుటుంబాలు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. పెట్టుబడి పెట్టినోడు కేసులో కనిపించడు, మూట మోసినోడు, కూలికి వెళ్లినోడు దొరుకుతాడు.

మా బంధువు ఒకాయనకు కువి తప్ప మరో భాష రాదు. తెలుగులో రాసిన కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. చదివి వినిపించలేదు. అందులో ఆయన నేరం ‘ఒప్పుకున్నాడు’ అని రాసి ఉందని బెయిల్ కోసం తిరిగినప్పుడు గానీ మాకు తెలియలేదు.

అందుకే ఈ విషయాలు మీరు గుర్తుపెట్టుకోండి.

ఎన్‌డీపీఎస్ చట్టం, 1985 కఠినమైనది. సాగు చేస్తే పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అంత కఠినం కాబట్టే అధికారులు పాటించాల్సిన పద్ధతులూ అందులోనే ఉన్నాయి.

ఒంటి మీద సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి దగ్గరో మేజిస్ట్రేట్ దగ్గరో చేయించుకునే హక్కు నీకుందని చెప్పాలి. ఇది 50వ సెక్షన్. ఆడవాళ్లను ఆడవాళ్లే సోదా చేయాలి. చేతిలోని సంచికి మాత్రం ఈ సెక్షన్ వర్తించదు.

ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి. 24 గంటల్లో, ప్రయాణ సమయం పోను, మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఆ కారణాలను మనిషికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. కువిలో రాసేవాళ్లు స్టేషన్‌లో లేరంటే, కనీసం కువి తెలిసినోళ్లను పిలిచి చెప్పించమని మనం అడగాలి. పోలీసుల ముందు ‘ఒప్పుకున్న’ మాట శిక్షకు ఆధారం కాదు. ఎన్‌డీపీఎస్ అధికారుల ముందు ఇచ్చిన వాంగ్మూలమూ అంతేనని 2020లో అదే కోర్టు తీర్పు.

తూకం దగ్గర చాలా జాగ్రత్త. చట్టం లెక్కలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ గంజాయి కాదు. కాండం, వేరు, మట్టితో కలిపి తూస్తే బరువు పెరుగుతుంది. 20 కిలోలు దాటిందంటే కనీసం పదేళ్ల శిక్ష, బెయిల్ దొరకడం మహా కష్టం. పట్టుకున్న సరుకు జాబితా, నమూనాలు మేజిస్ట్రేట్ ముందు ధ్రువీకరించాలి. ఇది 52ఎ సెక్షన్.

ఇక భూమి. తోట దొరికిన చోటు ఎవరిదో, అక్కడ సాగు చేసింది ఎవరో రుజువు చేయాల్సింది ప్రభుత్వమే. పక్క పోడులో ఉన్నాడని ఎవర్నీ దోషి అనలేం.

‘ఇవన్నీ స్మగ్లర్లు తప్పించుకునే దారులు’ అంటారు. నేనైతే తిరగేసి చెబుతా. స్మగ్లర్‌కు పెద్ద లాయర్ ఉంటాడు, కేసులో లొసుగు దొరికితే బయటపడతాడు. అదే లొసుగు చూపించే మనిషి లేక మన మామయ్య లోపలే ఉండిపోతాడు. పద్ధతిగా పెట్టిన కేసే అసలు దొంగ మీద నిలబడుతుంది.

మీ ఊరికి దాడికి వస్తే అడ్డుపడొద్దు, పారిపోవద్దు. ఏ టైముకు వచ్చారు, ఎవర్ని తీసుకెళ్లారు, ఎక్కడ తూచారు, సాక్షులుగా ఎవరు సంతకం పెట్టారు, అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. చదవకుండా, చదివించుకోకుండా వేలిముద్ర వేయొద్దని పెద్దోళ్లకు మన భాషలో చెప్పండి. ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయర్‌ను ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. 15100కి ఫోన్ చేసి అడగండి.

ఊరికి ఇద్దరు చదువుకున్నోళ్లు ఈ పని నెత్తికెత్తుకుంటే చాలు. మా ఊళ్లో మేం మొదలుపెట్టాం. మీ ఊళ్లో మీరు మొదలుపెట్టండి.

జై ఆదివాసీ.