కాటూరు నుంచి బాసర దాకా: రాజ్ రెడ్డి గారి దారి
(మద్నూర్‌లో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

  

ఈరోజు నేను చెప్పబోయే మనిషి మన తండాల్లో పుట్టినవారు కాదు. అయినా ఆయన చేసిన రెండు పనులు మనకు నేరుగా సంబంధించినవి. ఆయన దబ్బల రాజగోపాల్ రెడ్డి. లోకమంతా రాజ్ రెడ్డి అంటుంది.

1937లో చిత్తూరు జిల్లా కాటూరులో ఒక రైతు ఇంట్లో పుట్టారు. వాళ్ల కుటుంబంలో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆయనే. ఇక్కడ కూర్చున్న మీలో చాలామంది సంగతి కూడా అదే. 1958లో మద్రాసు గిండీ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేశారు. పై చదువుకు ఆస్ట్రేలియా వెళ్లాక కంప్యూటర్ మీద పనిచేయడం మొదలుపెట్టారు. అక్కడ కొన్నాళ్లు ఐబీఎంలో ఉద్యోగం చేసి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో చేరి, 1966లో పీహెచ్‌డీ పొందారు. చదివింది ఒకటి, పేరు తెచ్చింది ఇంకొకటి. కాబట్టి ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకున్నామన్న దానితోనే జీవితం ఖాయమైపోయిందని అనుకోకండి.

ఆయన మొదటి పని, మనిషి మాటను యంత్రానికి అర్థమయ్యేలా చేయడం. వినడానికి ఇది సులువుగానే ఉంటుంది. కానీ ఒకే మాటను తాత ఒకలా అంటాడు, మనవరాలు ఇంకోలా అంటుంది. మాటకూ మాటకూ మధ్య మనం ఆగం. అందుకే శబ్దం ఒక్కటే వింటే యంత్రానికి చాలదు. ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో కూడా దానికి తెలియాలి. 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరి, శిష్యులతో కలిసి ఏళ్ల తరబడి ఈ ముడి విప్పారు. 1976 నాటికి వాళ్ల హార్పీ అనే వ్యవస్థ సుమారు వెయ్యి మాటలను గుర్తుపట్టగలిగింది. ఈరోజు మీరు ఫోన్‌తో మాట్లాడి పాట వెతుక్కుంటున్నారంటే దాని వెనుక ఇలాంటి శ్రమ ఉంది. 1994లో కంప్యూటర్ రంగంలో అన్నిటికన్నా పెద్దదైన ట్యూరింగ్ అవార్డు ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ఆయనకు దక్కింది. ఆ అవార్డు అందుకున్న తొలి ఆసియా సంతతి వ్యక్తి ఆయనే.

రెండో పని, సంస్థలను నిలబెట్టడం. 1979లో కార్నెగీ మెలన్ రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టర్ అయ్యారు. 1991 నుంచి 1999 వరకు అక్కడి కంప్యూటర్ సైన్స్ స్కూల్‌కు డీన్‌గా ఉన్నారు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు దానికి తొలి ఛాన్సలర్ అయ్యారు. మనం ట్రిపుల్ ఐటీ అంటున్నది దాన్నే. బాసర, నూజివీడు, ఇడుపులపాయ దాని మొదటి మూడు ప్రాంగణాలు. నిజామాబాద్ మీదుగా వెళ్లి గోదావరి దాటితే చాలు, బాసర.

ఆ సంస్థలో అసలు విషయం తలుపు ఎవరికి తెరిచారన్నది. పట్నంలో లక్షలు కట్టి కోచింగ్ తీసుకున్నవాళ్లే గెలిచే పరీక్ష పెట్టకుండా, పదో తరగతి ఫలితాల మీద సీట్లు ఇచ్చారు. గ్రేడ్లు ఉన్న కాలంలో, హాస్టల్ లేని ప్రభుత్వ బడుల పిల్లల గ్రేడు పాయింట్లకు 0.4 కలిపారు. లోటు ఉన్న చోట చదివి తెచ్చుకున్న మార్కుకు బరువు ఎక్కువ అన్నది అందులోని న్యాయం. రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్, మొత్తం ఆరేళ్లు అక్కడే ఉండి చదవాలి.

అలాగని తలుపు తెరిస్తే అన్నీ అయిపోవు. 2022 జూన్‌లో కనీస సౌకర్యాలు కావాలని, పూర్తికాలపు వైస్ ఛాన్సలర్ కావాలని బాసర విద్యార్థులు దాదాపు వారం రోజులు కూర్చుని అడిగారు. మంచి ఆలోచనతో మొదలైన సంస్థనైనా రోజూ చూసుకునేవాళ్లు ఉండాలి. అడిగే నోరు కూడా ఉండాలి.

ఇప్పుడు మన ఇంటి మాటకు వద్దాం. మద్నూర్ మూడు రాష్ట్రాలు కలిసే చోటు. అటు దెగ్లూర్‌లో చుట్టాలున్నారు, ఇటు ఔరాద్‌లో ఉన్నారు. కలిస్తే అందరం గోర్‌బోలీలోనే మాట్లాడుకుంటాం. రాయాల్సి వస్తే మాత్రం మనం తెలుగు లిపిలో, వాళ్లు దేవనాగరిలో, ఇంకొకరు కన్నడలో రాస్తారు. మనల్ని కలిపి ఉంచేది రాత కాదు, మాట. మాట వినే యంత్రం అందరికన్నా ముందు అక్కరకు రావాల్సింది మనలాంటి వాళ్లకే. కానీ యంత్రం తనకు వినిపించిన భాషనే నేర్చుకుంటుంది. మన భాష రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో లేదు. ఎవరో వచ్చి చేసిపెడతారని కూర్చుంటే మన నాయనమ్మ మాట్లాడే మాట ఏ ఫోన్‌కూ అర్థం కాకుండానే పోతుంది.

అందుకే మీకు రెండు పనులు అప్పగిస్తున్నాను. పదో తరగతి పిల్లలు, వాళ్ల అన్నలు, అక్కలు ట్రిపుల్ ఐటీ నోటిఫికేషన్ వచ్చిన రోజే చదవండి. నిబంధనలు ఏటా మారవచ్చు. కుల ధ్రువీకరణ పత్రం ముందే తీసి పెట్టుకోండి. 2022 నుంచి తెలంగాణలో గిరిజనులకు 10 శాతం రిజర్వేషన్ ఉంది. కాగితం లేక సీటు పోయిందన్న మాట ఏ తండాలోనూ వినపడకూడదు.

రెండోది, మీ చేతిలోని ఫోన్‌తో ఇంట్లో పెద్దవాళ్ల మాటలు, కథలు, పెళ్లి పాటలు వాళ్లను అడిగి రికార్డు చేయండి. ఎవరు, ఏ తండా, ఏ సందర్భం అన్నది రాసి పెట్టండి. రేపు మీలో ఒక చెల్లె కంప్యూటర్ చదివి ఆ పని మొదలుపెట్టినప్పుడు ఆమెకు కావలసిన సామాను సిద్ధంగా ఉండాలి.

కాటూరు పిల్లవాడు యంత్రానికి మాట వినడం నేర్పాడు. దానికి మన మాట వినిపించాల్సింది మనమే.