కంప్యూటరు ప్రారంభమున కానరాని ఫైళ్లు

పంచాయతీ సభ్యులారా!

కార్యాలయపు కంప్యూటరు ప్రారంభింపగనే "ఫలానా డీఎల్ఎల్ ఫైలు లేదు" అను ప్రకటన తెరపై కనిపించుట కలదు. దానినిగూర్చి మేము నేడు మీకు కొన్ని మాటలు విన్నవించుచున్నాము.

ఊరుమ్మడి బావిని పది యిండ్లవారు వాడుకొనునట్లు, ఒక డీఎల్ఎల్ ఫైలును పలు ప్రోగ్రాములు వాడుకొనగలవు. ప్రోగ్రామును మనమే తొలగించినను, వైరసు నిరోధక ప్రోగ్రాము దాని ఫైలును తీసివేసినను, విండోస్ ప్రారంభ జాబితాలో పేరు మిగిలిపోవచ్చును. ఊరు విడిచిపోయినవాని పేరు ఓటర్ల జాబితాలో నిలిచినట్లే యిది. కంప్యూటరు లేనిదానిని దినదినము పిలుచుచుండును.

మొదట ఫైలు పేరును వ్రాసికొనవలెను. అది అక్కరలేని ప్రోగ్రామునకు చెందినదైనచో, టాస్క్ మేనేజరులోని స్టార్టప్ జాబితాలో దానిని నిలిపివేయవలెను. అక్కరయున్నచో ఆ ప్రోగ్రామును దాని తయారీదారునుండియే తెచ్చి మరల స్థాపింపవలెను. వీసీరన్‌టైమ్140 అను పేరు కనిపించినచో, మైక్రోసాఫ్టువారు ఉచితముగా నిచ్చు విజువల్ సీ ప్లస్ ప్లస్ ప్యాకేజీని స్థాపించిన సాధారణముగా సరిపోవును.

ఒక్క హెచ్చరిక! ఆ ఫైలొక్కదానినే యిచ్చెదమను అపరిచితుల నుండి దానిని తెచ్చి పెట్టరాదు. దానితో వైరసు ప్రవేశించినచో ఇంటిపన్ను లెక్కలు, జనన మరణ వివరములు పరుల పాలగును. ఆ లెక్కల ప్రతిని వేరొకచోట భద్రపరచుట మనందరి కర్తవ్యము.