థైరాయిడ్ ఉధృతికి ఇన్ని మందులెందుకు?

థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బుకు ఒకేసారి మూడు నాలుగు రకాల మందులు ఎందుకు ఇస్తారో ఈ రోజు చెప్పుకుందాం. వార్డులో మీరు మమ్మల్ని ఎక్కువగా అడిగేది ఇదే. "సిస్టర్, జబ్బు ఒక్కటే కదా, ఇన్ని మాత్రలా? వేడి చేయదా?" అని. అడగడంలో తప్పు లేదు. అడగకుండా ఇంటికెళ్లాక ఒక మాత్ర తీసి పక్కన పెట్టేయడమే ప్రమాదం.

గొంతు ముందు భాగంలో ఉండే ఈ చిన్న గ్రంథి హార్మోన్ తయారుచేయడమే కాదు, నిల్వ కూడా చేసుకుంటుంది. గాదె లాంటిదనుకోండి. కార్బిమజోల్ మాత్ర కొత్త పంట రాకుండా ఆపుతుంది. కానీ గాదెలో కొన్ని వారాలకు సరిపడా ధాన్యం ఉంది, అది రోజూ రక్తంలోకి వస్తూనే ఉంటుంది. పైగా రక్తంలో చేరిన టి4 హార్మోన్ సగానికి తగ్గడానికే సుమారు 7 రోజులు పడుతుంది. అందుకే 3 నుంచి 6 వారాల దాకా ఈ మాత్ర గుణం బాగా తెలియదు. "మందు పనిచేయడం లేదు" అని డాక్టరును మార్చేది సరిగ్గా ఈ రోజుల్లోనే!

ఈలోగా గుండెదడ, చేతుల వణుకు ఆగవు కదా. వాటికి ప్రొప్రనొలాల్. ఇది గంటల్లోనే నెమ్మదింపజేస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి మాత్రం ఇది పడదు, ఆ సంగతి ముందే చెప్పండి.

కొందరికి వారాలు ఆగే వ్యవధి ఉండదు. మందులు మానేసినప్పుడో, ఇన్ఫెక్షన్ సోకినప్పుడో, ఆపరేషన్, కాన్పు సమయంలోనో జబ్బు ఒక్కసారిగా విజృంభిస్తుంది. తీవ్రమైన జ్వరం, అదుపులేని గుండెదడ, వాంతులు, విరేచనాలు, కలవరింతలు వస్తాయి. దీన్ని థైరాయిడ్ స్టార్మ్ అంటారు. ప్రాణం మీదికి వస్తుంది, తక్షణం ఆసుపత్రికి తేవాలి.

అప్పుడు అన్ని దారులూ ఒకేసారి మూయాలి. ప్రొపైల్ థయోయురాసిల్ కొత్త హార్మోన్‌ను ఆపుతుంది. టి4 మరింత బలమైన టి3గా మారడాన్ని కూడా తగ్గిస్తుంది. స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఈ రెండో పనిలో తోడ్పడుతుంది. గాదె తలుపు మూసేది అయోడిన్ చుక్కలు. ఫ్రాన్సు వైద్యుడు లూగోల్ 1829లో తయారుచేసిన పాత మందే ఇది. అయితే మొదటి మందు వేసిన కనీసం గంట తర్వాతే దీన్ని ఇస్తాం. హార్మోన్ తయారీకి ముడిసరుకు అయోడినే! ముందే ఇస్తే గ్రంథికి విత్తనాలు అందించినట్టవుతుంది. "ఇంకా చుక్కలు వేయలేదేమిటి?" అని మీరు కంగారుపడే ఆ గంట మేం కావాలని ఆగే గంట. ఈ చుక్కల బలం 10 రోజులు, రెండు వారాలకు మించి నమ్మలేం. సీసా కొని ఇంట్లో కొనసాగించకండి.

ఒక్కోసారి కొలెస్టిరమిన్ పొడి కూడా ఇస్తాం. పేగుల్లోకి వచ్చిన హార్మోన్‌ను అది పట్టుకుని మలంతో బయటికి పంపుతుంది. మిగతా మాత్రలను కూడా పట్టేస్తుంది కనుక వాటికీ దీనికీ మధ్య మేం చెప్పినన్ని గంటల ఎడం పాటించాలి.

ఇప్పుడు చెప్పేది రాసుకోండి. కార్బిమజోల్ గానీ, ప్రొపైల్ థయోయురాసిల్ గానీ వాడేవారికి జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే ఆ మాత్ర ఆపి, అదే రోజు తెల్లకణాల పరీక్షకు రండి. అరుదే, కానీ ఎక్కువగా మొదటి 3 నెలల్లో తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. మెడికల్ షాపులో జ్వరం మాత్ర కొని సరిపెట్టుకోవద్దు. కళ్లు పచ్చబడినా, గర్భం వచ్చిందని అనుమానమున్నా వెంటనే చెప్పాలి. గర్భిణికి మందు మార్చవలసి రావచ్చు, కనుక తనంతట తాను ఆపేయకూడదు.

ఒళ్లు కాస్త చేశాక "ఇక చాలు" అనిపిస్తుంది. ప్రొప్రనొలాల్‌ను డాక్టరుగారే ముందు క్రమంగా తగ్గిస్తారు. కార్బిమజోల్ సాధారణంగా 12 నుంచి 18 నెలలు సాగుతుంది. రిపోర్టులో టి3, టి4 సరిగ్గా ఉన్నా టీఎస్‌హెచ్ కొన్ని నెలల పాటు తక్కువగానే కనిపించవచ్చు. అది చూసి గాబరాపడి మోతాదు పెంచకండి, పాత రిపోర్టులన్నీ పట్టుకుని రండి.