చురుకైన పిల్ల మీ ఇంట్లోనూ ఉంది

(కర్నూలు జిల్లాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో, అయిదో తరగతి పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూలి మానుకుని వచ్చినవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. అందుకని నేరుగా విషయానికే వస్తాను. నవోదయ విద్యాలయం అంటే ఏమిటో, అందులో చేరడానికి రాసే పరీక్ష ఏమిటో మీకు చెప్పమని మన మహిళా సంఘం నన్ను పంపింది.

పల్లెటూళ్ళలోని తెలివైన పిల్లలకు, తల్లిదండ్రుల స్తోమతతో పని లేకుండా మంచి చదువు అందాలని 1986 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆ ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న బడులే నవోదయలు. మన కర్నూలు జిల్లాది బనవాసిలో ఉంది. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకూ పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు. చదువు, బస, భోజనం, యూనిఫారం, పుస్తకాలు అన్నీ ఉచితం. తొమ్మిది నుంచి కొందరి దగ్గర నెలనెలా కొంత డబ్బు తీసుకుంటారు గానీ, ఆడపిల్లలకు అదీ లేదు.

ఏటా ఆరో తరగతిలోకి తీసుకునేది ఎక్కువలో ఎక్కువ 80 మందిని. అందులో కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు. ఈ 'కనీసం' అన్న మాట గుర్తుపెట్టుకోండి. మార్కులు వస్తే అంతకంటే ఎక్కువమంది ఆడపిల్లలూ చేరవచ్చు. పల్లె కోటా కావాలంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు పల్లె బడిలోనే చదివి ఉండాలి. మన పిల్లలు అలాగే చదివారు కదా.

పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. తెలుగులోనే రాయవచ్చు. సగం మార్కులు బొమ్మల ప్రశ్నలకు: నాలుగు బొమ్మల్లో వేరుగా ఉన్నదేది, తర్వాత వచ్చే బొమ్మ ఏది అని. మిగతా సగం లెక్కలకు, భాషకు. దరఖాస్తుకు రుసుము లేదు. కానీ ఒక్కసారే రాయనిస్తారు. ఈ ఏడు వదిలేస్తే వచ్చే ఏడు లేదు.

ఇక మీ మనసుల్లో ఉన్న మాటకు వస్తాను. "మగపిల్లాడైతే పంపుతాం, పదేళ్ళ ఆడపిల్లను ఎలా పంపాలమ్మా?" అని ఇంటింటికీ తిరిగినప్పుడు మీరే నాతో అన్నారు. ఆ భయం అర్థం లేనిదని నేననను. హాస్టల్లో రాత్రిపూట ఆడవాళ్ళెవరు ఉంటారు, జబ్బు చేస్తే కబురు ఎట్లా అందుతుంది, మనం ఎప్పుడెప్పుడు చూడటానికి పోవచ్చు అని అడగండి. అడగడం మీ హక్కు. తొమ్మిదో తరగతిలో కొందరు పిల్లల్ని ఏడాదిపాటు వేరే భాష మాట్లాడే రాష్ట్రంలోని నవోదయకు పంపుతారు. అది కూడా ముందే తెలుసుకుని ఒప్పుకోండి.

కానీ ఒకటి ఆలోచించండి. 1990లలో ఈ జిల్లాలో హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పనికి ఆడపిల్లల్నే ఏరి తీసుకుపోయారు. ఎందుకు? వాళ్ళ చేయి చురుకు, చూపు చురుకు అని. పూవుకూ పూవుకూ తేడా కనిపెట్టగల పిల్ల బొమ్మకూ బొమ్మకూ తేడా కనిపెట్టలేదా? చాకిరీకి పనికొచ్చిన తెలివి చదువుకు ఎందుకు పనికిరాదు?

మరో మాట. ఈ పరీక్షలో సీటు రాకపోతే పిల్ల మొద్దు అని కాదు. జిల్లా మొత్తం మీద 80 సీట్లే. పట్నంలో కోచింగుకు పోయే పిల్లకూ, పొద్దున నీళ్ళు మోసి, తమ్ముణ్ణి ఎత్తుకుని బడికి వచ్చే పిల్లకూ ఒకటే ప్రశ్నపత్రం. రెండు గంటల కాగితం పిల్ల బుద్ధినంతా కొలవలేదు. "సీటు రాలేదుగా, ఇంక ఇంట్లో ఉండు" అని మాత్రం అనకండి. 6 నుంచి 14 ఏళ్ళ వరకూ చదువు ప్రతి పిల్ల హక్కని 2009లో చట్టమే చేశారు. పక్క ఊరి హైస్కూలు ఉంది, కస్తూర్బా బడులు ఉన్నాయి. ఆ 80 మందికి ఇచ్చే లైబ్రరీ, చాలినంతమంది టీచర్లు మన ఊరి బడికీ కావాలని అడుగుదాం. ఏరి తీసిన కొందరికి మంచి చదువు, మిగతావారికి ఏదో ఒకటి అంటే మనం ఒప్పుకోకూడదు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. దరఖాస్తు ఇంటర్నెట్లో పెట్టాలి. హెడ్మాస్టరు ధ్రువీకరణ, పిల్ల ఫొటో, పిల్ల సంతకం, తల్లి లేదా తండ్రి సంతకం కావాలి. చదువు రాని తల్లులకు మా సంఘం వాళ్ళు దగ్గరుండి సాయం చేస్తారు. సాయంత్రం గంటసేపు పిల్లకు పని చెప్పకుండా వదలండి, చాలు.

ఈ బడిలో అయిదో తరగతి చదివే ప్రతి ఆడపిల్ల పేరూ ఆ దరఖాస్తుల్లో ఉండాలి. ఫలితం ఏదైనా, జూన్‌లో ప్రతి ఆడపిల్ల పేరూ ఏదో ఒక బడి ఆరో తరగతి హాజరు పట్టీలో ఉండాలి.